ప్రయాగలో చేపల బజారు

డిసెంబర్ 8, ఛియోకీ

టికెట్ మీద ప్రయాగ్‌రాజ్ అని చూసి సంబరపడ్డాను గానీ, దాని పక్కనే ఉన్న ఛియోకీ అన్న ముక్కని పట్టించుకోలేదు. విజయవాడలో ఎక్కిన సంఘమిత్ర నన్ను యమునకి ఇవతల, నైనీ వైపు దింపేసింది. నేను రిపోర్ట్ చేయాల్సిన ఎంసీఓ, అంటే సైన్యం వాళ్ళ ప్రయాణాలు చూసే ఆఫీసు, నదికి అవతల పెద్ద జంక్షన్‌లో ఉంది. పొగమంచు వల్ల రైలు మూడు గంటలు ఆలస్యం. బయట పది అడుగుల దూరంలో మనిషి కనపడడం లేదు. మాది కాకినాడ పక్కన ఉప్పాడ. చలి అంటే తెల్లవారుజామున సముద్రం మీంచి వచ్చే గాలే అనుకునేవాణ్ణి ఆ రోజు వరకూ.

బీఎస్సీ ఈ వేసవిలో ముగిసింది. మూడేళ్ళ ఎన్‌సీసీలో 'సి' సర్టిఫికెట్ వచ్చింది, బి గ్రేడ్. ఆ గ్రేడ్ ఉంటే ఆర్మీ ఆఫీసర్ కావడానికి రాతపరీక్ష అక్కర్లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు దగ్గరికి పిలుస్తారు. అందులో నెగ్గి, మెడికల్ దాటి, మెరిట్ లిస్టులో పేరుంటే చెన్నైలోని ఓటీఏ, అంటే ఆఫీసర్ల శిక్షణ అకాడమీలో 49 వారాల ట్రైనింగ్. మా కాలేజీ నుంచి ఇక్కడిదాకా వచ్చింది ఆ సంవత్సరం నేనొక్కణ్ణే.

నాకొచ్చిన హిందీ అంతా పరేడ్ హిందీ. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. క్యాంపుల్లో ఉస్తాద్‌లు అరవగా అరవగా వంటబట్టింది. షేర్ ఆటో యమున వంతెన దాటి ఊళ్ళోకి వచ్చాక స్టేషన్ బోర్డు కనిపించింది. ఆపమనడానికి మాట దొరక్క, నోట్లోంచి గట్టిగా "థమ్!" అని వచ్చేసింది. ఆటోవాడు నిజంగానే బ్రేకు కొట్టాడు. ఆటోలో ఉన్న నలుగురూ నవ్వారు. "ఫౌజీ బన్‌నే ఆయే హో క్యా భయ్యా?" అన్నాడు డ్రైవర్. నా జుట్టు కత్తిరింపు చూసి కూడా చెప్పగలడనుకోండి. అడిగింది నలభై, తీసుకున్నది ముప్పై.

దింపింది మాత్రం సివిల్ లైన్స్ వైపు. నేను ఫోన్లో మాట్లాడుకున్న లాడ్జి స్టేషన్‌కి అటుపక్క, చౌక్ వైపు. బ్యాగు మోసుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి చలి పోయి చెమట పట్టింది. రూము నాలుగొందలు. ఇద్దరు పంచుకుంటే రెండొందలే అన్నాడు మేనేజర్, ఇంకో ఎస్‌ఎస్‌బీ కుర్రాడు కూడా ఉన్నాడంటూ. తలుపు కొడితే లోపల్నించి "కౌన్?" అని వినిపించింది. ఆ ఒక్క మాటకే నాకు తెలుగు యాస తెలిసిపోయింది. కరీంనగర్ అబ్బాయి. "ఏంది అన్నా, నువ్వు గూడ మనోడివేనా!" అని పట్టుకున్నాడు. వాళ్ళమ్మ డబ్బా నిండా సకినాలు పెట్టి పంపింది. సంక్రాంతికి ఇంకా నెల రోజులుంది కదా అంటే, "నేనెళ్తున్ననని ముందే చేసింది" అన్నాడు.

రాత్రి ఢాబాలో అన్నం అడిగితే "హాఫ్ ప్లేటా, ఫుల్లా?" అన్నాడు సర్వర్. ఫుల్ అన్నాను. అది మా ఇంట్లో మొదటి వాయికి సరిపోయేంత.

డిసెంబర్ 9, స్క్రీనింగ్

స్టేషన్ నుంచి సైన్యం బస్సులో కంటోన్మెంట్‌కి తీసుకెళ్ళారు. సర్టిఫికెట్లు చూశారు, ఛాతీకి నంబరు గుడ్డ కట్టారు. ఇక అక్కణ్ణించి పేర్లుండవు. మొదట తెలివితేటల పరీక్ష, బొమ్మలతో కొంత, మాటలతో కొంత. దానికి టెన్షన్ పడలేదు. తర్వాతది పీపీడీటీ. తెర మీద ఒక మసక బొమ్మ ముప్పై సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. తర్వాత పదిహేనుమందిని అర్ధచంద్రాకారంలో కూర్చోబెడతారు. ఒక్కొక్కరు తన కథ చెప్పాక, అందరూ కలిసి చర్చించి ఒకే కథ మీదికి రావాలి. ఏం బొమ్మ చూపించారో రాయను, అది బయట పెట్టకపోవడం మర్యాద.

చర్చ మొదలయ్యే ముందు ఎదురుగా కూర్చున్న అధికారి ఇంగ్లీషులో ఒకే మాట అన్నాడు. దీన్ని ఫిష్ మార్కెట్ చేయకండి, అని. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ చేపలమ్ముతుంది. ఉప్పాడ ఒడ్డున వేలంలో కొని, తట్ట బస్సులో పెట్టుకుని కాకినాడ తీసుకెళ్తుంది. ఈయన ఎప్పుడైనా చేపల మార్కెట్‌కి వెళ్ళాడా అనుకున్నాను. వేలంపాటలో గోల ఉంటుంది, నిజమే. కానీ అందులో ఒక వరస ఉంటుంది. పాట పాడేవాడు ఒక్కడే అరుస్తాడు. కొనేవాళ్ళు కనురెప్పతో, చిటికెన వేలితో మాట్లాడతారు. అమ్మ ఎప్పుడూ మొదటి మాట అనదు. ఇద్దరు పోటీపడి అలిసిపోయేదాకా చూసి, అప్పుడు ఒక్క ధర చెబుతుంది.

'స్టార్ట్' అనగానే పదిహేనుమందీ ఒకేసారి అరిచారు. మూడుసార్లు, నాలుగుసార్లు వచ్చి వెళ్ళిన రిపీటర్లు "జెంటిల్మెన్, జెంటిల్మెన్" అంటూ చేతులెత్తారు. అందరికీ ఒకే కోచింగ్, ఒకటే మాట. మూడు నిమిషాలు నోరు విప్పలేదు నేను. తర్వాత ఇద్దరు దగ్గుతూ ఆగారు. ఆ సందులో, బొమ్మలో మనుషులెంతమందో కూడా మనం తేల్చుకోలేదు, ముందు అది తేలుద్దాం అన్నాను. రెండే వాక్యాలు, నా ఇంగ్లీషులో. నా ఎడమపక్క పదకొండో నంబరు, పొడుగాటి హర్యానా కుర్రాడు, దాన్ని అందుకున్నాడు.

మధ్యాహ్నం నంబర్లు చదివారు. నాది ఉంది. కరీంనగర్ తమ్ముడిది లేదు. స్క్రీనింగ్‌లో పోయినవాళ్ళని అదే రోజు అదే బస్సులో స్టేషన్‌కి పంపేస్తారు. వాడు బ్యాగు సర్దుకుంటూ సకినాల డబ్బా నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఐదు రోజులుంటవ్ గద అన్నా, నాకెందుకు?" అన్నాడు. నేను వద్దంటే మూత తీసి ఒకటి మాత్రం తను తీసుకున్నాడు. బస్సు వెనక కిటికీలోంచి అది నములుతూ చెయ్యి ఊపాడు.

మిగిలినవాళ్ళకి కొత్త నంబర్లిచ్చారు. నాది 27. హర్యానా వాడికి మాత్రం మళ్ళీ పదకొండే వచ్చింది.

డిసెంబర్ 10, కాగితాల రోజు

ఈ రోజంతా రాతే. పన్నెండు బొమ్మలకి పన్నెండు కథలు, చివరి బొమ్మ ఖాళీ తెల్లకాగితం. అరవై మాటలు, మాటకి పదిహేను సెకన్లు, మనసులోకి ఏది వస్తే అది వాక్యంగా రాయాలి. నాకు ముందు తెలుగులో వస్తుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి తర్వాతి మాట తెర మీదికి వచ్చేస్తుంది. పదో పన్నెండో ఖాళీగా వదిలేశాను. తర్వాత అరవై సందర్భాలు, అరగంట. చివర్లో, మీ గురించి మీ అమ్మానాన్నలు, టీచర్లు, స్నేహితులు ఏమనుకుంటారో రాయమన్నారు. అమ్మ ఏమనుకుంటుంది అన్న చోట 'వీడికి బేరం రాదు' అని రాశాను. అది నిజం.

మెస్‌లో పొద్దున పూరీ, ఆమ్లెట్, రాత్రి రాజ్మా, రొట్టె, ఖీర్. తిండికి వంక పెట్టడానికి లేదు. అయినా పడుకునేముందు బారక్‌లో అందరికీ సకినాలు పంచాను. కేరళ కుర్రాడు "ఇది మురుక్కు" అన్నాడు, రాజస్థాన్ వాడు తన ఊరి పేరేదో చెప్పాడు. కాదు, ఇందులో నువ్వులు, వాము ఉంటాయి, చేత్తో చుడతారు అని నేను వాదించాను. నాకూ అంతకంటే తెలీదు, గోదావరి వాణ్ణి కదా.

డిసెంబర్ 11, గ్రౌండ్

ఇక్కడి తమాషా ఏమిటంటే, ఎవరూ ఆర్డర్ ఇవ్వరు. ఎన్‌సీసీలో మూడేళ్ళు నేను బాగా చేసిందంతా ఆర్డర్‌కే. మడమ కొట్టమంటే కొట్టాను, వరదల్లో మూటలు మోయమంటే మోశాను. ఇక్కడ ఎనిమిదిమంది గుంపుకి ఒక దుంగ, ఒక పలక, ఒక తాడు ఇస్తారు. దుంగని బల్లీ అనీ, పలకని ఫట్టా అనీ అంటారు. గీతకి ఇటు నుంచి అటు వెళ్ళాలి, నేల తాకకూడదు. ఎర్ర రంగు వేసిన చోట ముట్టుకోకూడదు. ఈ పరీక్షలు పెట్టే అధికారి, జీటీఓ, ఇంతే చెప్పి పక్కకెళ్ళి నిలబడతాడు. ఎవరు నాయకుడో చెప్పడు. మనకు మనమే కదలాలి.

తాడు పట్టుకోగానే నాకు హాయిగా అనిపించింది. బల్లీని ఫట్టాకి కట్టాల్సి వస్తే మిగతావాళ్ళు చుట్టి చుట్టి వదులుగా కడుతున్నారు. నేను తీసుకుని తెప్ప కట్టే ముడి వేశాను. నాన్న నేర్పింది, తడిసేకొద్దీ బిగుస్తుంది. దాని మీద ముగ్గురు నడిచినా కదల్లేదు. కేరళ వాడు వీపు తట్టాడు.

కానీ రెండో అడ్డంకి దగ్గర ఒకటి జరిగింది, ఇప్పటికీ గుర్తొస్తోంది. పలకని అడ్డంగా కాకుండా ఏటవాలుగా పెడితే సరిపోతుందని నాకు కనిపించింది. అందరూ అరుస్తున్నారు. అమ్మలాగా సందు కోసం చూశాను. పది సెకన్లు, ఇరవై, ముప్పై. పదకొండో నంబరు "ఫట్టా తిర్‌ఛా కరో!" అన్నాడు. అదే ఆలోచన. నేను పలక అందించాను. జీటీఓ కాగితం మీద ఏదో రాసుకున్నాడు, వాడిని చూసి.

సాయంత్రం ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ చేసే అధికారి గదిలో హీటరుంది, టీ ఇచ్చారు. ముందే నింపిన ఫారంలో అమ్మ వృత్తి చూసి, ఏ చేప ఏ నెలలో వస్తుందని అడిగారు. ఇక నన్ను ఎవరూ ఆపలేదు. కోనెం, చందువ, పండుగప్ప, మాగ, కవళ్ళు, ఒక్కోదాని ధర, ఐసు ఖర్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎందుకు, ఆ రెండు నెలలు ఇల్లెలా గడుస్తుంది. ఉప్పాడలో సముద్రం ఒడ్డుని కోసేస్తోందనీ, తాతగారి ఇల్లున్న చోటు ఇప్పుడు నీళ్ళలో ఉందనీ చెప్పాను. అమ్మ రోజుకి లాభం ఎంత, అప్పు ఎవరి దగ్గర తెస్తుంది, వడ్డీ ఎంత? అన్నిటికీ జవాబుంది నా దగ్గర.

తర్వాత ఆయన కప్పు పక్కన పెట్టి, "మూడేళ్ళ ఎన్‌సీసీలో ఎవరూ చెప్పకుండా నువ్వు మొదలుపెట్టిన పని ఒకటి చెప్పు" అన్నారు. నేను బీచ్ శుభ్రం చేసిన సంగతి చెప్పాను. ఎవరు చెప్పారు? కాలేజీలో ఎన్‌సీసీ చూసే ఏఎన్ఓ సార్. రక్తదాన శిబిరం. ఎవరు చెప్పారు? బెటాలియన్ నుంచి లెటర్ వచ్చింది. ఆయన ఓపిగ్గా ఇంకో రెండు విన్నారు. తర్వాత మాట మార్చి మా ఊరి చీరల గురించి అడిగారు.

డిసెంబర్ 12

పొద్దున ఒంటరి అడ్డంకులు. పది ఉంటాయి, ఒకటి నుంచి పది మార్కులు, మూడు నిమిషాలు. టైగర్ లీప్‌లో గట్టు మీంచి దూకి గాల్లో వేలాడే తాడు పట్టుకోవాలి. పట్టుకున్నాను గానీ అరచేతుల తోలు ఊడింది. ఏడు చేశాను. పదకొండో నంబరు పదీ చేసి మళ్ళీ మొదటిది కూడా చేశాడు.

కమాండ్ టాస్క్‌లో ప్రతివాడూ తన వంతు కమాండర్‌గా ఇద్దరు సహాయకుల్ని పిలుచుకోవాలి. నన్ను ఐదుగురు పిలిచారు. 'రోప్ వాలా' అని పేరు పెట్టేశారు అప్పటికే. పిలిచినప్పుడల్లా పరిగెత్తాను. చెప్పిన చోట ముడి వేశాను.

డిసెంబర్ 13, కాన్ఫరెన్స్, కట్రా

కాన్ఫరెన్స్ అంటే యూనిఫాంలో వాళ్ళందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు, మనం ఒక్కళ్ళం ఎదురుగా. ఎలా ఉంది ఇక్కడ, తిండి బాగుందా, ఏమైనా చెప్పాలా? రెండు నిమిషాల్లో బయటికొచ్చాను. రిపీటర్లు లెక్కలు కట్టారు. ఎక్కువసేపు అడిగితే అనుమానంలో ఉన్నట్టు, తక్కువైతే తేలిపోయినట్టు. ఎటు తేలిందో మాత్రం వాళ్ళూ చెప్పలేరు.

పదకొండున్నరకి నంబర్లు చదివారు. మూడే. 11 ఉంది. 27 లేదు. ఎందుకు కాలేదో వాళ్ళు చెప్పరు, అడగడానికి కూడా వీల్లేదు. పదకొండో నంబరు వచ్చి గట్టిగా వాటేసుకుని, "భాయ్, గాంఠ్ సిఖాతా జా" అన్నాడు. బస్సు వచ్చేలోపు మెట్ల మీద కూర్చుని, నా బూటు లేసుతో వాడికి తెప్ప ముడి నేర్పాను. వాడికి మూడోసారికి వచ్చింది.

అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు ఆగి, "పోన్లే నాన్నా, తిన్నావా?" అంది.

తినలేదు. రైలు మర్నాడు అర్ధరాత్రి దాటాక. లాడ్జిలో బ్యాగు పడేసి ఈ-రిక్షా ఎక్కి కట్రా వెళ్ళాను. నేత్‌రామ్ దుకాణంలో నేతి కచోరీలు ఆకు ప్లేటులో వేసి, మూడు నాలుగు రకాల కూరలు మారు వడ్డిస్తూనే ఉంటారు. ఆ తీపి గుమ్మడికాయ కూర నాకు నచ్చలేదు, చట్నీ మాత్రం మూడుసార్లు అడిగాను. పక్కన నిలబడి తింటున్న ముసలాయన "హమ్ తో రోజ్ ఆతే హైఁ" అన్నాడు. వెనక ఇంకెవరున్నారా అని చూశాను. ఎవరూ లేరు. ఇక్కడ 'నేను' అనడానికి కూడా 'మేము' అనే అంటారు. రిక్షావాడూ, టీ కొట్టువాడూ, భిక్షగాడూ అందరూ మేమే.

బయట బండి మీద అలహాబాదు జామపళ్ళు, తొక్క యాపిల్‌లా ఎర్రగా. నల్ల ఉప్పు చల్లి నాలుగు ముక్కలు చేసిచ్చాడు, ఇరవై రూపాయలు. అవి తింటూ ఆజాద్ పార్కులో చీకటి పడేదాకా కూర్చున్నాను. 1931 ఫిబ్రవరి 27న చంద్రశేఖర్ ఆజాద్ పోలీసులతో పోరాడి చనిపోయింది ఈ తోటలోనే. అప్పటికి ఆయన వయసు 24. నాకు 21.

డిసెంబర్ 14, సంగమం

పొద్దున్నే శంకర విమాన మండపం చూసి ఆశ్చర్యపోయాను. ఇసుక పక్కన, ఉత్తరాది గోపురాల మధ్య అచ్చంగా మన దక్షిణాది గుడి. కంచి పీఠం వాళ్ళు కట్టించింది. పైఅంతస్తులో వెంకటేశ్వరస్వామి కూడా ఉన్నాడు. మెట్ల మీద ఒక పెద్దావిడ నన్ను చూసి "బాబూ, తెలుగేనా?" అంది. నరసాపురం నుంచి వచ్చారట. ఆవిడ, ఆయన, వేణీదానం చేయించుకోవడానికి. భర్త ఒళ్ళో భార్య కూర్చుంటే ఆయన జడ అల్లి, చివర కొంచెం కత్తిరించి సంగమంలో వదలాలి. వెంట్రుకలు మామూలుగా నీళ్ళ మీద తేలతాయి గానీ ఇక్కడ మునుగుతాయని నమ్మకం. "నలభై ఏళ్ళలో ఈయన నా జడ ముట్టుకోవడం ఇదే మొదటిసారి" అంది ఆవిడ. ఆయన సిగ్గుపడి దక్షిణ లెక్కపెట్టుకున్నాడు. నేను ఎందుకొచ్చానో చెబితే, "మళ్ళీ రమ్మంటార్లే" అంది, పెళ్ళిచూపుల సంగతి చెప్పినట్టు.

రేవులో పడవ బేరం. మొదటివాడు ఎనిమిదొందలు అన్నాడు. నాకు బేరం రాదని రాసుకున్నవాణ్ణే కదా, అయినా ఈసారి ఆగలేదు, ముందే "సౌ రుపయే" అనేశాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి వెళ్ళిపోయాడు. చివరికి ఒక ముసలాయన ఇంకో కుటుంబంతో కలిపి నూటయాభైకి ఎక్కించుకున్నాడు. చాచా అని పిలిచాను. చలికాలం పక్షులు తెల్లగా పడవ చుట్టూ మూగాయి. పక్క పడవవాళ్ళు వాటికి వేయడానికి సేవ్, అంటే సన్న కారప్పూస, ప్యాకెట్లు అమ్ముతున్నారు, ఇరవై. అవతల ఇసుకలో మాఘ మేళాకి గుడారాలు లేస్తున్నాయి, పీపాల వంతెనలు కడుతున్నారు. యమున ఆకుపచ్చగా, లోతుగా ఉంది. గంగ తెల్లమట్టి రంగులో, పల్చగా, వడిగా ఉంది. రెండూ కలిసేచోట గీత గీసినట్టుంది. ఆ కుటుంబం మునకలు వేస్తుంటే నేను పడవలో కూర్చుని తెడ్డు కట్టిన ముడి చూస్తున్నాను. చాచా గమనించి, "మల్లాహ్ హో?" అని అడిగాడు, పడవవాడివా అని. మాది సముద్రం అన్నాను. వెంటనే తెడ్లు నా చేతికిచ్చాడు. అరచేతులు మండాయి, ఆయనకి చెప్పలేదు.

తిరిగొస్తుండగా ఇక్కడ ఏం చేపలు పడతాయని అడిగాను. రోహు, టెంగర్ అని కొన్ని చెప్పి, తన తాత కాలంలో హిల్సా కూడా ఇక్కడిదాకా వచ్చేదన్నాడు. అక్కడ బెంగాల్లో ఫరక్కా ఆనకట్ట కట్టాక పైకి రావడం మానేసింది. హిల్సా అంటే మన పులసే. సముద్రంలోంచి గోదావరికి ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వస్తుంది, వానాకాలంలో. పుస్తెలమ్మైనా తినాలంటారే, అదే. అది సముద్రం నుంచి ఇంత దూరం ఈదుకుంటూ వచ్చి ఈ నీళ్ళలో తిరిగేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. చాచా ఒక చెయ్యి చాపి మోచేతి దాకా చూపించాడు, ఇంత ఉండేదని.

రేవులో దిగీ దిగగానే అమ్మకి ఫోన్ చేశాను. ముందు పడవకి ఎంతిచ్చావంది. నూటయాభై అంటే ఏమీ అనలేదు, అంటే ఫర్వాలేదనే. పులస సంగతి చెప్పాను.

"కాశీ దాకానా?"

"కాశీ కాదమ్మా, ఇంకా పైన. ప్రయాగ."

కాసేపు అవతల బస్సు హారన్లు, ఎవరో రొయ్యల ధర అడగడం వినిపించింది.

"అక్కడ కిలో ఎంత పలికేదంట?"

అడగలేదన్నాను.

"ధర అడక్కుండా వచ్చేశావా?" అంది. చాచా అప్పటికే ఇంకో సవారీ ఎక్కించుకుని నది మధ్యకి వెళ్ళిపోయాడు.